ఒక్క గురువారం రాకండి

కిటికీ దగ్గరి కుర్చీని లైబ్రేరియన్ ఆ పొద్దున ఎన్నిసార్లు జరిపిందో ఆమెకే తెలియదు. గోడవైపు నెడితే వెలుగు చాలడం లేదు. కిటికీవైపు లాగితే పరదా నలుగుతోంది. మధ్యలో పెడితే వచ్చేపోయేవాళ్ళ మోకాళ్ళకు తగిలేలా ఉంది. బల్ల దగ్గర కూర్చుని చిరిగిన అట్టలకు జిగురు రాస్తున్న అటెండరు, వేలు గాల్లోనే ఉంచి ఈ వేడుకంతా చూస్తున్నాడు.

"దాన్ని ఎక్కడో ఒకచోట ఉండనివ్వండి మేడం. దానికీ కాళ్ళున్నాయి, నొప్పెడతాయి," అన్నాడు.

"గురువారం దాటేదాకా దానికీ నాకూ కుదురు లేదు," అని ఆమె కుర్చీని మళ్ళీ గోడవైపు నెట్టింది.

ముందురోజు సాయంత్రం పెద్దాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఈ పేటలో ఒకటి, బస్‌స్టాండు అవతల ఒకటి, ఇంత దగ్గరదగ్గరగా రెండు లైబ్రరీలు దేనికని పైవాళ్ళు అనుకుంటున్నారట. గురువారం ఒక ఆఫీసరు వచ్చి రెండూ చూస్తుంది. ఏది ఉంచాలో, ఏది మూసెయ్యాలో ఆవిడ రాసే రిపోర్టును బట్టి తేలుతుంది. ఫోన్ పెట్టేశాక లైబ్రేరియన్ గది మధ్యలో నిలబడి కాసేపు చుట్టూ చూసుకుంది. అప్పటినుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది.

బస్‌స్టాండు అవతలి లైబ్రరీది కొత్త బిల్డింగు. పెద్ద హాలు, వెడల్పాటి మెట్లు, వాన పడితే కారని కప్పు. కాని దాని ముఖం చూస్తే పన్నులు కట్టే ఆఫీసు గుర్తొస్తుందని లైబ్రేరియన్ అభిప్రాయం. తనది అలాంటిది కాదు. ఒకప్పుడు ఎవరో డాక్టరు కాపురమున్న ఇల్లు. ముందు గదికి వంపు తిరిగిన గోడ, ఆ గోడలో మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చోగలిగేంత లోతైన కిటికీ, కిటికీ పైభాగంలో రంగు అద్దాలు. ఎండ పక్కకు వాలే వేళకు ఎర్రని, పసుప్పచ్చని మరకలు నేలమీద పడి, మెల్లగా పాకుతూ వెళ్ళి కథల పుస్తకాల బీరువా ఎక్కుతాయి. బీరువాల పక్కచెక్కల మీద తీగలూ పిట్టలూ గీసింది లైబ్రేరియనే. మూత పోయిన కెటిల్‌లో మొక్క పెట్టింది ఆమే. బల్లమీది దీపానికి పసుపు గుడ్డ తొడుగు కుట్టించిందీ ఆమే. ఇంట్లో వంటగది గోడకు రంగు వేసి ఎన్నేళ్ళయిందో చెప్పలేని మనిషి, ఈ గదిలో ఒక్క మేకు కొట్టాలన్నా నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసి, మళ్ళీ ముందుకొచ్చి కొట్టింది. ఈ గదంటే ఆమెకు ప్రాణం. దీనికి తాళం పడుతుందన్న ఊహే భరించలేకపోతోంది. వైశాల్యంలో ఎలాగూ గెలవలేను, అందంతో గెలుస్తాను అనుకుంది.

అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. ఫోన్లో ఎవరిదో ఇంటి ఫోటో చూసింది. గోడ నిండా పుస్తకాలు, రంగుల వరసలో సర్ది ఉన్నాయి. ఎరుపు తరవాత కాషాయం, ఆ తరవాత పసుపు, ఆకుపచ్చ, నీలం. చూడగానే ఆమె కళ్ళు మెరిశాయి. ఫోన్ తీసుకెళ్ళి అటెండరు ముక్కు ముందు పెట్టింది.

"బాగుంది మేడం. కాని మనవాటికి నంబర్లున్నాయి కదా?"

"నంబర్లు ఎక్కడికి పోతాయి? శుక్రవారం మళ్ళీ మామూలుగా సర్దేద్దాం."

"సర్దేద్దాం అంటే సర్దెయ్యి అనేగా," అని గొణుక్కుంటూ అతను నిచ్చెన తెచ్చాడు.

రెండు గంటలు తిరిగేసరికి న్యాయశాస్త్రం వెళ్ళి వంట పుస్తకాల పక్కన చేరింది, రెండూ ఎరుపే కాబట్టి. పసిపిల్లల పెంపకం, యుద్ధాల చరిత్ర కలిసి నీలం వరసలో నిలబడ్డాయి. ఇంట్లో పిల్లలున్నవాళ్ళెవరూ ఆ పొరుగును తప్పుపట్టలేదు.

రోజూ అందరికన్నా ముందొచ్చే పేపర్ తాతయ్య మాత్రం కళ్ళద్దాలు నుదుటిమీదకి ఎత్తి ఆ గోడవంక చాలాసేపు చూశాడు. ఆయన దర్జీగా పనిచేసి, చూపు మందగించాక మానేశాడు. అప్పటినుంచి పేపర్లే ఆయన ఉద్యోగం. మొదటి పేజీ నుంచి ఆఖరి ప్రకటన దాకా పెదాలు కదుపుతూ చదువుతాడు.

"ఇకనుంచి ఎలా అడగాలమ్మాయ్? ముదురు ఆకుపచ్చది ఒకటి ఇవ్వు, కాస్త నవ్వొచ్చేలాంటిది, అనాలా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. లైబ్రేరియనూ నవ్వింది. తరవాత ఫోన్ తీసి, గుమ్మంలో నిలబడి గది ఫోటో తీసింది. చూసుకుంటే ఆమె నవ్వు ఆగిపోయింది.

పరదాలు బాగున్నాయి. పుస్తకాల వరస బాగుంది. కాని ఫోటో సరిగ్గా మధ్యలో తాతయ్య చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ కుర్చీమీదకు మడుచుకుని, మడమ గీరుకుంటున్నాడు. ఆయన గొడుగు విచ్చుకుని భూగోళం బొమ్మమీద ఆరుతోంది. కిటికీ గూట్లో కునుకు పిన్ని ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకుని, నోరు కూడా తెరిచి నిద్రపోతోంది. పిన్ని ఆస్పత్రిలో ఆయా, రాత్రి డ్యూటీ. ఇంటికి వెళ్తే మంచం పట్టిన భర్త, గోల చేసే మనవలు. అందుకని పొద్దున డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికొచ్చి, ఏదో ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని ఓ గంట కళ్ళు మూసుకుంటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెను లేపలేదు. లైబ్రేరియనే ఒకసారి పరదా లాగి ఆమె ముఖంమీద ఎండ పడకుండా చూసింది.

ఇంకోవైపు నుంచి ఫోటో తీసింది. తాతయ్య రాలేదుగాని ఆయన చెప్పులు వచ్చాయి.

*

ఇంట్లో అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని, కోడలు తెచ్చిచ్చిన లేత క్రీము రంగు గుడ్డకు అంచు కుడుతోంది. కాలు తొక్కుతూనే ఉంది, నోరు నడుస్తూనే ఉంది.

"మన గుమ్మానికి పరదా అడిగి రెండేళ్ళయింది. ఆ లైబ్రరీకి ఒక్క రోజులో కావాలి. నేనూ ఏదైనా పుస్తకమై పుట్టి ఉండాల్సింది."

"గురువారం కానివ్వండి అత్తయ్యా, మన గుమ్మానికీ మీ గదికీ కూడా కుట్టుకుందాం."

"ఆ గురువారం ఎప్పుడవుతుందో ఏమో. పొద్దున్నించీ అన్నీ ఆ గురువారం తరవాతే." ఆవిడ గుడ్డ ఎత్తి దీపానికి పట్టి చూసింది. "ఇంత లేత రంగా? ఎవరి చెయ్యి తగిలినా మరకే."

"తగలనివ్వను. ఎవర్నీ ముట్టుకోనివ్వను."

"ముట్టుకోకుండా కిటికీ ఎలా తీస్తారే?"

కోడలు అప్పటికే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. భోజనాల బల్లమీద ఫోన్ పెట్టి పొద్దున తీసిన ఫోటోలు ముందుకీ వెనక్కీ తోస్తోంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన భర్త వెనకనించి తొంగిచూశాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు.

"బాగుందే! తాతయ్య కూడా బాగా పడ్డాడు."

"అదే నా ఏడుపు," అంది. "ఆఫీసరు వచ్చేసరికి కూడా ఇలాగే కూర్చుంటే? మడమ గీరుకుంటూ?"

"మరి లైబ్రరీలో మనుషులుండరా? నా బస్సు ఎంత తుడిచినా జనం ఎక్కుతారు, తొక్కుతారు. ఎక్కకపోతే ఆ రూటే తీసేస్తారు."

"నీ బస్సు వేరు," అని ఆమె విసుక్కుంది.

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం అన్నం ముందు కూర్చుని కూడా లేచింది, గుడ్డ చివర కొలిచింది, మళ్ళీ కూర్చుంది. వేలితో బల్లమీద గది ఆకారం గీసి, ఏ కుర్చీ ఎక్కడో చుక్కలు పెట్టుకుంది. ఆ చుక్కల్లో తాతయ్యకు చోటు దొరకలేదు. పిన్నికీ దొరకలేదు. అప్పుడే ఆమె నిర్ణయించేసుకుంది. ఒక్క రోజే కదా. వాళ్ళూ మన మేలు కోరేవాళ్ళే కదా.

*

బుధవారం పొద్దున ముందుగా పిన్ని దొరికింది. చేతిసంచీ పక్కన పెట్టి, కిటికీ గూట్లోకి ఎక్కబోతూ కొత్త పరదా చూసి ఆగింది. చేతులు తన బట్టలకే తుడుచుకుని, అంచు మాత్రం వేలి చివరతో తాకింది.

"ఎంత మెత్తగా ఉందమ్మా! మీ అత్తగారి చెయ్యేనా?"

"ఆవిడదే పిన్నీ. మరేం లేదు గాని, రేపు ఒక్కరోజు మీరు రావద్దండీ. తనిఖీకి ఎవరో వస్తున్నారు."

"రానులే. దానికేం భాగ్యం?" అంది పిన్ని. గూట్లోకి ఎక్కబోయినదల్లా ఎక్కకుండా అక్కడే నిలబడింది. గొంతు బాగా తగ్గించి అడిగింది. "నేను గురక పెడతానా అమ్మా?"

"అయ్యో, అదేం లేదు పిన్నీ! అందుకు కాదు."

"పెడితే చెప్పు. నిద్రలో నాకు తెలీదు కదా. ఇంట్లో మనవలు వెక్కిరిస్తారు."

"లేదన్నానుగా. అందరికీ చెప్తున్నా."

పిన్ని తలూపింది. ఆరోజు గూట్లోకి మాత్రం ఎక్కలేదు. బల్ల దగ్గర వీపు నిటారుగా పెట్టి కూర్చుని, కళ్ళు బలవంతంగా తెరిచి పుస్తకం తిప్పింది. పేజీలు తిప్పే వేగం చూస్తేనే తెలుస్తోంది చదవడం లేదని. లైబ్రేరియన్ ఆవైపు రెండడుగులు వేసింది. వెళ్ళి పడుకోమని చెబుదామనుకుంది కూడా. ఇంతలో మొక్క కెటిల్ మీద తుప్పు మరక కనబడింది. అది తోముతూ ఉండిపోయింది.

తాతయ్యతో మాట్లాడడం ఇంకా కష్టమవుతుందనుకుంది. ఆయన మాత్రం ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

"తనిఖీయా? ఆ మాట ముందే చెప్పొద్దూ! నా షాపుకీ ఇలాగే వచ్చేవాళ్ళు లైసెన్సు చూడ్డానికి. వాళ్ళొచ్చే రోజు గుడ్డముక్క కూడా కింద పడకుండా చూసుకునేవాణ్ణి. అర్థమైందిలే. నా చెప్పులు, నా గొడుగు నీకు అడ్డం."

"అలా కాదు తాతయ్యా..."

"కాకపోతే ఏంటి? నేనేం చిన్నపిల్లాణ్ణా అలగడానికి?"

లైబ్రరీ మూసేస్తారేమోనన్న మాట ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయన బీపీ ఎక్కడికి పోతుందోనని భయం. ఇంకో భయం ఆమె సొంతం. ఆమె అటూ ఇటూ చూసి, ముందుకు వంగింది.

"ఒక్క మాట తాతయ్యా. నేను రావద్దన్నానని మాత్రం ఎక్కడా అనకండి. పనిచేసే రోజున జనాన్ని రానివ్వలేదని తెలిస్తే నా ఉద్యోగానికే ముప్పు."

తాతయ్య కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. పెద్ద బాధ్యత నెత్తికెత్తుకున్న మనిషిలా ముఖం గంభీరంగా పెట్టాడు.

"నా నోట్లోంచి ఆ మాట వస్తే అప్పుడడుగు. నువ్వింకెవరికీ చెప్పక్కర్లేదు కూడా. నీకెందుకు శ్రమ? నేను చూసుకుంటా."

ఆయన చూసుకున్నాడు. ఆ సాయంత్రం పరీక్షలకు చదివే అమ్మాయిలకు చెప్పాడు. పుస్తకాలు మార్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళకు చెప్పాడు. బడి వదిలాక బొమ్మల పుస్తకాల కోసం వచ్చే పిల్లలను మెట్ల దగ్గరే ఆపి చెప్పాడు. ఒక్కొక్కరికీ చెవిలో చెప్పాడు, ఒక్కొక్కరి దగ్గరా మాట తీసుకున్నాడు. లైబ్రేరియన్ లోపలినుంచి ఆయన వీపు మాత్రమే చూసింది. ఎవరితోనో కబుర్లు చెబుతున్నాడనుకుని, మేకుకు స్వాగతం పలక వేలాడదీసే పనిలో మునిగిపోయింది.

*

గురువారం గది ఎంత బాగుందంటే, తుడవడం ముగించి, కిటికీలు తెరిచి, గుమ్మంలోంచి చూసిన లైబ్రేరియన్ కాసేపు అడుగు ముందుకు వెయ్యలేకపోయింది. నేల నీళ్ళ మెరుపు ఇంకా ఆరలేదు. పరదాలు గాలికి కొంచెం కొంచెం పొంగుతున్నాయి. పుస్తకాలు ఎరుపు నుంచి నీలానికి నిండుగా సాగాయి. కుర్చీలన్నీ బల్లలోకి ఒకే కొలతన దూరి ఉన్నాయి. ఏ వస్తువూ దాని చోటు తప్పలేదు. ఆమెకు గర్వం కలిగింది. నిజంగా కలిగింది. ఇలాంటి గది ఇంకెక్కడుందో చూపించమనండి అనుకుంది.

ఆఫీసరు ఆలస్యం చేసింది. లైబ్రేరియన్ దీపం తొడుగు సరిచేసింది, మళ్ళీ సరిచేసింది. వీధిలోకి చూసి వచ్చింది. మామూలుగా అయితే ఈపాటికి పేజీల చప్పుడు, తాతయ్య దగ్గు, అమ్మాయిల గుసగుసలు ఉండేవి. ఇద్దరు ముగ్గురినే కదా రావద్దన్నాను, మిగిలినవాళ్ళేరి అన్న అనుమానం అప్పుడు మొదటిసారి వచ్చింది.

"ఇవాళ బడికి సెలవేగా, పిల్లలైనా రాలేదేమిటి?" అని అటెండరును అడిగింది.

"ఎలా వస్తారు మేడం? తాతయ్య నిన్న వీధి వీధంతా చెప్పేశాడుగా. మీరే చెప్పమన్నారనుకున్నా."

ఆమె నోరు తెరిచేలోపు బయట కారు ఆగింది.

ఆఫీసరు నడివయసు మనిషి. నడకలో అలసట, మాటలో మర్యాద ఉన్నాయి. గుమ్మంలో నిలబడి ఒక్కసారి చుట్టూ చూసి, "అబ్బ!" అంది. ఆ ఒక్క మాటకు లైబ్రేరియన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ పరదాలు మెచ్చుకుంది. పక్కచెక్కల మీద పిట్టలు ఎవరు గీశారని అడిగింది. కిటికీ గూట్లో కూర్చుని, చెప్పుల్లోంచి ఒక కాలు కాస్త బయటికి తీసి, "ఇక్కడ కూర్చుంటే లేవబుద్ధి కాదు," అని నవ్వింది.

"గులాబీలు పెంచడం గురించి ఏదైనా ఉందా? మా డాబామీద ఎన్ని నీళ్ళు పోసినా ఎండిపోతున్నాయి."

ఉంది. లైబ్రేరియన్‌కు ఆ పుస్తకం బాగా తెలుసు. దాని నంబరు తెలుసు, ఏ బీరువాలో ఎన్నో అరలో ఉండేదో తెలుసు. దాని అట్ట ఏ రంగో మాత్రం తెలియదు. ఎర్రటి వరసంతా వెతికింది. ఆకుపచ్చ వరసలో వెతికింది. అటెండరు నిచ్చెనెక్కి నీలం వరస వెతికాడు. ఆఫీసరు ఓపిగ్గా చూసి, "పోనీలెండి," అంది. తరవాత లేచి, బల్లలోకి దూరిన కుర్చీల వీపులమీద వరసగా చెయ్యి వేసుకుంటూ నడిచింది.

"ఎవరూ రారా?"

"రోజూ నిండుగా ఉంటుంది మేడం. కూర్చోడానికి చోటుండదు."

"ఈరోజు?"

లైబ్రేరియన్ బల్ల సొరుగు లాగింది. సంతకాల రిజిస్టరు తీసి ముందుపెట్టింది. ఆఫీసరు దాన్ని తెరవలేదు.

"సంతకాలు అన్నిచోట్లా నిండుగానే ఉంటాయమ్మా. అందుకే మనుషుల్ని చూసి రమ్మన్నారు."

"నేనే రావద్దన్నాను మేడం!" అనేసింది. దాచాలనుకున్న మాట అంత తేలిగ్గా జారింది. "గది నీటుగా కనబడాలని నేనే రావద్దన్నాను. నిజం. కావాలంటే అటెండరును అడగండి."

అటెండరు నిచ్చెనమీద నుంచే గట్టిగా తలూపాడు. ఆఫీసరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉంది. లైబ్రేరియన్‌కు కోపమే నయమనిపించింది.

"నేను వెళ్ళిన ప్రతి లైబ్రరీలోనూ జనం నిన్ననే వచ్చి వెళ్ళారంటారు," అంది ఆఫీసరు మెల్లగా. "మీ కష్టం కనబడుతోంది. ఇంత అందమైన గది ఊరికే పోదు. ఏ మీటింగుల హాలుగానో, ఆఫీసు విజిటర్ల గదిగానో తప్పకుండా పనికొస్తుంది. నేనే రాస్తాను."

కారు మలుపు తిరగకముందే లైబ్రేరియన్ వీధిలో పరుగెడుతోంది. తాతయ్యనూ మిగతావాళ్ళనూ వెంటబెట్టుకుని వెళ్ళి ఆవిడ ముందు నిలబెట్టాలి. తాతయ్య ఇంటి గేటు దగ్గర ఆయన కోడలు బట్టలు ఆరేస్తోంది.

"మామయ్యగారా? పొద్దున్నే వెళ్ళారే. పేపరు చూడందే ఆయనకు పూట గడవదు కదా. మీ లైబ్రరీ ఈరోజు లేదన్నారుగా, బస్‌స్టాండు అవతలి దానికి వెళ్ళారు. అందర్నీ వెంటేసుకుని వెళ్ళారు."

"అందర్నీ?"

"పరీక్షల పిల్లల్నీ, ఆ ఆయా పిన్నినీ, ఇంకా ఎవరెవర్నో. విహారయాత్రకి వెళ్ళినట్టు వెళ్ళారు."

ఆ కారు ఎటు వెళ్ళిందో లైబ్రేరియన్‌కు అప్పుడు తట్టింది.  బస్సు కోసం ఆగలేదు. నడిచింది, ఉరికింది, రోడ్డు దాటింది. వెడల్పాటి మెట్లెక్కి, ఆ హాలు గుమ్మంలోకి వచ్చేసరికి ఊపిరి అందడం లేదు.

బోసి గోడలు, తెల్లటి ట్యూబులైట్లు, ఇనపకుర్చీలు. హాలంతా జనం. ముందు వరసలో తన పరీక్షల అమ్మాయిలు, నోట్సు మధ్య తలలు దూర్చి ఉన్నారు. తన పిల్లలు నేలమీద బోర్లా పడుకుని బొమ్మలు చూస్తున్నారు. గోడవార పిన్ని, ఇనపకుర్చీలోనే మెడ వాల్చి, నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. వాళ్ళెవరికీ గోడలు బోసిగా ఉన్న సంగతే పట్టినట్టు లేదు. ఆ లైబ్రరీ అంతవరకు ఇంత అందంగా ఎప్పుడూ ఉండి ఉండదని లైబ్రేరియన్‌కు తోచింది. ఆ తలపు ఆమెకు కత్తిలా దిగింది.

ఆఫీసరు తాతయ్య దగ్గర నిలబడి ఉంది. ఆయన కాళ్ళు కుర్చీమీదే ఉన్నాయి.

"మీరు రోజూ ఇక్కడికే వస్తారా పెద్దాయనా?"

"రోజూ ఇక్కడికేనమ్మా," అన్నాడు తాతయ్య తడుముకోకుండా. "ఎండైనా వానైనా."

"మీ ఇల్లు ఎక్కడ?"

ఆయన పేట పేరు చెప్పాడు.

"అయితే అక్కడే ఇంకో లైబ్రరీ ఉంది కదా? దగ్గరే కదా మీకు?"

"ఉందేమో. నేనెప్పుడూ అటు తొంగి చూడలేదు."

పక్కనున్న అమ్మాయిలు తలలెత్తి, తాతయ్య చెప్పినట్టే, మేమూ అంతే మేడం అన్నారు.

అప్పుడాయన గుమ్మంలో లైబ్రేరియన్‌ను చూశాడు. ముఖం చేటంతయింది. ఆఫీసరుకు కనబడకుండా, పేపరు చాటున, చెయ్యి కొద్దిగా ఎత్తి, నీకేం భయం లేదు అన్నట్టు ఊపాడు.

ఆఫీసరు వెనక్కి తిరిగింది. లైబ్రేరియన్‌ను గుర్తుపట్టింది.  చెప్పాల్సింది ఇక ఏముంది అన్నట్టు చూసింది, అంతే.

చెప్పాల్సింది లైబ్రేరియన్ నాలుకమీదే ఉంది. ఆయన అబద్ధం చెబుతున్నాడు మేడం, నేను నిజం దాచమన్నందుకే చెబుతున్నాడు. అంతమంది ముందు ఆ మాట అంటే చాలు. తాతయ్య కంగారుగా చెప్పులు వెతుక్కుంటాడు. పిల్లల ముందు అబద్ధాలకోరై నిలబడతాడు. ఒకసారి ఆయన్ని గదిలోంచి తీసేసింది, చూడ్డానికి బాగోడని. ఇప్పుడు తన అవసరానికి ఆయన్ని ఇలా కూడా వాడుకోవాలా? ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది. నోరు మూసుకుని పక్కకు తప్పుకుని, ఆఫీసరుకు దారి ఇచ్చింది. ఆవిడ మెట్లు దిగుతుంటే వెనకే దిగింది.

"మేడం, ఒక కాగితం ఇస్తారా? పెన్ను కూడా."

ఆఫీసరు విసుగ్గానే ఇచ్చింది. లైబ్రేరియన్ కారు బానెట్‌మీద కాగితం పెట్టి రాసింది. పనిదినాన తానే పాఠకులను రావద్దన్నానని, ఆ సంగతి ఎవరికీ చెప్పవద్దని తానే మాట తీసుకున్నానని, అందువల్ల ఈరోజు ఆ గది ఖాళీగా ఉందని, తప్పు తనదేనని. కింద సంతకం చేసింది. ఇన్నాళ్ళూ ఒకచోట నిలవని చెయ్యి, అది రాస్తున్నంతసేపూ కుదురుగా సాగింది.

ఆఫీసరు నిలబడే చదివింది. రెండోసారి చదివింది. మెట్లపైకి, హాలు తలుపువైపు ఒకసారి చూసింది.

"అంటే, లోపలున్నవాళ్ళు..."

"వాళ్ళనేం అడక్కండి మేడం. ఇచ్చిన మాటమీద నిలబడ్డారు."

"ఇది పైకి వెళ్తే మిమ్మల్ని ఆ సీట్లో ఉంచరు. తెలుసా?"

"తెలుసు. లైబ్రరీని ఉంచుతారా?"

"నేను మాటివ్వలేను." ఆవిడ కాగితం జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకుంది. "కాని ఎవరూ రారని మాత్రం ఇక రాయలేను."

కారు వెళ్ళిపోయాక లైబ్రేరియన్ లోపలికి వచ్చింది. పక్క కుర్చీమీది పేపర్లు తీసి తాతయ్య చోటు చేశాడు. ఆమె కూలబడింది. రెండు మూడు రోజులుగా ఆమె ఇలా కూర్చోనేలేదు.

"ఎలా ఉంది నా జవాబు?" అన్నాడు గుసగుసగా. సంతోషం పట్టలేకపోతున్నాడు. "మన దానికే వెళ్తానంటే, మరి ఈరోజెందుకు వెళ్ళలేదని అడగదూ? నేనంత వెర్రివాణ్ణా? అసలు ఆ వీధే తెలీదన్నట్టు చెప్పా."

"బాగా చెప్పారు తాతయ్యా."

"గండం గడిచినట్టేనా?"

"గడిచినట్టే."

ఆయన తృప్తిగా పేపరు మడిచాడు. ఇనపకుర్చీలో నడుము అటూ ఇటూ కదిపి, ముఖం చిట్లించాడు.

"అయితే రేపట్నించి మన దగ్గరికే వచ్చెయ్యొచ్చా?"

గోడవార పిన్ని నిద్రలో చిన్నగా గురక పెట్టింది. లైబ్రేరియన్ కళ్ళు తుడుచుకుంది.

"రండి తాతయ్యా. అందర్నీ తీసుకుని రండి," అంది. "తలుపు నేను తియ్యకపోయినా, ఎవరు తీసినా, లోపలికి వచ్చి మీకెలా ఇష్టమైతే అలా కూర్చోండి."